అంబాలా స్వెట్టరు: విప్పి మళ్ళీ అల్లిన డైరీ

నవంబర్ 3

ఇల్లు మారడానికి ఇంకా పది రోజులుంది. సామాన్లు సగం అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి, మిగతా సగం ఆ పెట్టెల మీద కూచున్నాయి. ఖాళీ పెట్టెలు రెంటినీ పిల్లులు ఆక్రమించాయి. ఇలాంటప్పుడు కొత్త పనేదీ నెత్తిన పెట్టుకోకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను పెట్టుకున్నాను.

నాన్న పాత స్వెట్టరు విప్పేసి, అదే ఊలుతో ఆయనకి చేతుల్లేని స్వెట్టరు అల్లాలి. సంక్రాంతికి అమ్మా నాన్నా నర్సాపురం నించి మా కొత్తింటికి వస్తున్నారు. అప్పటికల్లా అయిపోవాలి.

నాన్న ఎయిర్‌ఫోర్సులో చేసేవారు. 1989లో హర్యానాలో అంబాలా పోస్టింగు. గోదావరి గట్టున పుట్టి, చలికాలమంటే తెల్లారుజామున దుప్పటి ముసుగు తన్నడం తప్ప ఇంకేమీ ఎరగని అమ్మ, కార్తీకం దాటేసరికి అక్కడ వేళ్ళు కొంకర్లు పోయి అంట్లు కూడా తోమలేకపోయిందట. పక్క క్వార్టర్లో పంజాబీ ఆవిడ ఎండలో నులకమంచం వేసుకుని అల్లుతుండేది. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి హిందీ రాదు. అమ్మ నేర్చిన మొదటి హిందీ మాటలు సీదా, ఉల్టా, అల్లికలో రెండు మూల కుట్ల పేర్లు. ఇప్పటికీ మా ఇంట్లో సీదా కుట్టు, ఉల్టా కుట్టు అనే అంటాం. వీటికి తెలుగు మాటలు వెతకాలని ఎవరికీ తోచలేదు.

అలాగని అమ్మకి చేతిపని కొత్త కాదు. మా నర్సాపురం వైపు లేసు అల్లిక రాని ఇల్లు ఒకప్పుడు తక్కువ. అమ్మమ్మ అరుగు మీద కూచుని, చిటికెన వేలికి దారం చుట్టుకుని, ఒక్క క్రోషా సూదితో గుండ్రటి బల్లగుడ్డలు అల్లేసేది. కట్ట దారానికి ఇంత అని కూలీ. 2024లో నర్సాపురం లేసుకి, ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు వచ్చిందని చదివి వినిపిస్తే అమ్మ ఒకటే అడిగింది: "మరి కూలీ పెంచారంటా?"

అమ్మ అల్లిన ఆ మొదటి స్వెట్టరే ఇది. ముదురాకుపచ్చ. మోచేతుల దగ్గర చిల్లులు పడ్డాయి, పొట్ట దగ్గర పట్టడం మానేసి పదేళ్ళయింది. వేసవిలో వెళ్ళినప్పుడు బీరువాలోంచి తీసి చూపించారు నాన్న. విప్పేద్దామా అంటే మొహం చిన్నబుచ్చుకున్నారు. "విప్పేస్తే ఇంకేముంటుందమ్మా?" అన్నారు. వంటింట్లోంచి అమ్మ అరిచింది: "ఊలుంటుంది! విప్పెయ్యవే, ఆయన మాటకేం."

వంటింటి కాటాలో తూకం: 438 గ్రాములు.

నవంబర్ 5

స్వెట్టరు కంటే ముందు వాసన వచ్చింది. ముప్పై ఏళ్ళపాటు అమ్మ బీరువాలో కలరా ఉండలు మారుస్తూ వచ్చింది మరి. మనకి ఆ వాసన అమ్మమ్మగారి ఇల్లు. పిల్లికి మాత్రం ఆ ఉండలు విషం. మింగితే రక్తకణాలు దెబ్బతింటాయి. అందుకే స్వెట్టర్ని రెండు రోజులు పాత బాల్కనీలో ఎండకీ గాలికీ వదిలేసి, ఆ తలుపు గడియ వేశాను. బెల్లం అద్దానికి ముక్కు ఆనించి కూచున్నాడు. కాటుక పట్టించుకోలేదు. (బెల్లం మగాడు, నాలుగేళ్ళు, పాకం ముదిరిన రంగు. కాటుక ఆడది, మూడేళ్ళు. ఇద్దరూ వీధిలోంచి వచ్చిన నాటు సరుకే, ఇద్దరికీ ఆపరేషన్లయ్యాయి.)

ఇది అసలు ఊలేనా, లేక ఊలులాగే కనపడే కృత్రిమ దారం, యాక్రిలికా? అమ్మకి గుర్తు లేదు. జాయింటు దగ్గర వేలెడు పోగు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించాను. యాక్రిలిక్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూస కడుతుంది. ఇది అయిష్టంగా అంటుకుని, పుల్ల తీసెయ్యగానే ఆరిపోయింది. జుట్టు కాలిన కంపు. వేళ్ళతో నలిపితే బూడిదయింది. ఊలే. మా ఆయన లోపల్నించి "ఏంటా కంపు, నీ జుట్టేమైనా అంటుకుందా?" అన్నాడు.

విప్పడానికీ ఒక పద్ధతుంది. ముందు తిరగేసి జాయింట్లు చూసుకోవాలి. మిల్లు బట్టని కత్తిరించి మిషను మీద కుట్టిన స్వెట్టరైతే ఆశ వదులుకోవచ్చు, వరసకో ముక్క చేతికొస్తుంది. చేత్తో అల్లినదైతే వీపు, ఎదురు, రెండు చేతులు విడివిడిగా ఉండి పక్కల కుట్టి ఉంటాయి. ఆ కుట్టుదారం ఒక్కటీ కత్తిరిస్తే నాలుగు ముక్కలు విడిపోతాయి. తర్వాత, ఏ అంచున ముగించారో ఆ అంచు నించే లాగాలి. మొదలుపెట్టిన అంచు నించి లాగితే ఊడదు, బిగుసుకుంటుంది. నేను మొదటి చేతిని మణికట్టు వైపు నించి లాగి పావుగంట తగలేశాను. అమ్మకి వీడియో కాల్ చేస్తే, "బుర్ర భుజం దగ్గరుంటే నువ్వు కాళ్ళు పట్టుకు లాగుతున్నావేం?" అంది.

భుజం వైపు నించి లాగానో లేదో, జరజరా వచ్చేసింది. ఒక వరస కుడి నించి ఎడమకి, ఇంకో వరస ఎడమ నించి కుడికి. ముప్పై అయిదేళ్ళు ఒకే వంపులో పడుకున్న దారం, ప్యాకెట్లోంచి తీసిన నూడుల్స్‌లా వంకీలు తిరిగి ఉంది. కుర్చీ వీపుకి చుట్టుకుంటూ పోయాను. మోచేతుల దగ్గర మాత్రం పోగు పుటుక్కున తెగడం, ముడి వెయ్యడం, మళ్ళీ తెగడం. అక్కడ ఊలు దూదిలా అయిపోయింది. ఆ భాగం పక్కన పారేశాను.

రాత్రి పదకొండుకి ఇంట్లో స్వెట్టరు లేదు. నాన్నకి ఫొటో పంపలేదు.

నవంబర్ 7

చుట్టలకి నాలుగు చోట్ల నూలుదారంతో వదులుగా కట్లు వేసి, గోరువెచ్చటి నీళ్ళలో కుంకుడు రసం కలిపి నానబెట్టాను. ముంచడమే, రుద్దకూడదు, పిండకూడదు. వేడీ రాపిడీ కలిసి తగిలాయా, పోగులు ఒకదాన్నొకటి కావలించుకుని గొంగడి ముక్కయిపోతుంది. నీళ్ళు మొదట టీ డికాక్షన్ రంగులో, తర్వాత లేతాకుపచ్చగా దిగాయి. మూడో నీళ్ళకి తేటపడింది. తువ్వాల్లో చుట్టి నొక్కి, దండెం మీద వేసి, ఒక్కో చుట్టకీ అడుగున హ్యాంగరు తగిలించాను. పొద్దుటికి వంకీలు పోయాయి.

ఆరాక 391 గ్రాములు. మోచేతులూ, ముప్పై ఏళ్ళ దుమ్మూ కలిసి 47 గ్రాములన్నమాట.

నవంబర్ 13, 14

గృహప్రవేశం. సూదులు ముట్టలేదు కాబట్టి గబగబా రాసేస్తాను.

హైదరాబాదు బాచుపల్లిలో నాలుగో అంతస్తు. ఆవుని లిఫ్టెక్కించరు కాబట్టి కింద గేటు దగ్గరే పూజ చేసి, అరటిపండు పెట్టి, పైకి మాత్రం వెండి ఆవుదూడల్ని తీసుకెళ్ళాం. పాలు తూర్పు వైపే పొంగాయి, అత్తయ్యగారు తృప్తి పడ్డారు. పిల్లుల విషయంలో ఆవిడ ముందే తీర్పు చెప్పారు: "ముందు ఆవు, తర్వాత మనుషులు, ఆఖర్న ఆ వెధవలు. వరస తప్పకూడదు." తప్పలేదు. ఆ రాత్రి రెండూ పాత ఇంట్లోనే మా ఆడపడుచు కాపలాలో ఉన్నాయి.

ఎవరో పెద్ద బొకే తెచ్చారు. అందులో పెద్ద రేకుల లిల్లీలు నాలుగు, పుప్పొడి రాలుతూ. మన దండల్లో గుచ్చే లిల్లీ, అదే నేలసంపెంగ, ఆ జాతి కాదు. బొకేల్లో వచ్చే ఈ రకం పిల్లుల కిడ్నీలు తీసేస్తుంది. ఆకు నమిలినా అంతే, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా అంతే. వాళ్ళు చూడకుండా ఆ నాలుగూ పీకి కింద వాచ్‌మన్ గదిలో ఇచ్చేసి, బల్లంతా తడిగుడ్డతో తుడిచాను. బొకే బోడిగా కనపడింది, ఎవరూ అడగలేదు.

నవంబర్ 16

పిల్లులొచ్చాయి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మా సంసారంలో పిల్లులే మమ్మల్ని తిప్పాయి. తొమ్మిదేళ్ళలో నాలుగు అద్దె ఇళ్ళు. అందులో రెండు "పిల్లులుంటే కుదరదమ్మా" అనే మాట మీద ఖాళీ చేసినవే. ఇప్పుడు ఆ మాట అనడానికి ఎవరూ లేరు. ఈఎంఐ ఇరవై ఏళ్ళు.

పాత ఇల్లున్న మూసాపేట నించి దారంతా బెల్లం బుట్టలో గొంతు చించుకున్నాడు. కాటుక కిక్కురుమనలేదు. ఇల్లంతా ఒక్కసారి చూపిస్తే పిల్లి బెదిరిపోతుంది. చిన్న పడగ్గది ఒక్కటే వాళ్ళకి. లోపల లిట్టరు ట్రే, నీళ్ళు, దాక్కోడానికి అడ్డంగా పడేసిన అట్టపెట్టె, పాత ఇంట్లో మేం పడుకున్న ఉతకని దుప్పటి. ఆ దుప్పటి చూసి అత్తయ్యగారు ముక్కు మూసుకున్నారు గానీ పిల్లులకి ఇల్లంటే వాసనే. పిల్లి దవడల దగ్గర వాసన గ్రంథులుంటాయి, తలుపుకీ కుర్చీకీ బుగ్గ రుద్దడం అందుకే. మెత్తటి గుడ్డతో బెల్లం బుగ్గలు తుడిచి, ఆ గుడ్డని సోఫా కాళ్ళకీ గుమ్మాలకీ పిల్లి ఎత్తులో రాసుకుంటూ పోయాను. నన్ను చూసి మా ఆయన, "వాస్తు పూజ పార్ట్ టూ" అన్నాడు.

బాల్కనీకి బిల్డరు వేయించిన పావురాల వల నైలాన్‌ది. బెల్లం పళ్ళకి పది నిమిషాల పని. స్టీలు జాలీ వేసేదాకా బాల్కనీ తలుపు తాళం తియ్యకూడదని శాసనం.

నవంబర్ 20

ఎట్టకేలకు సూదులు. మన దగ్గర పాత నంబర్ల లెక్కే ఇంకా నడుస్తుంది, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరు అంటే 3.25. బోర్డరుకి 10, ఒంటికి 8.

ముందు నమూనా ముక్క అల్లాను. అమ్మ జన్మలో అల్లలేదు, "నాన్న ఛాతీ నాకు తెలీదా" అంటుంది. నాకు తెలీదు కాబట్టి అల్లాను. తడిపి, ఆరబెట్టి, స్కేలు పెడితే 10 సెంటీమీటర్లకి 22 కుట్లు, 30 వరసలు. తడపకముందు 24 కుట్లు వచ్చాయి. పాత ఊలు నీళ్ళు తగిలితే ఒళ్ళు విరుచుకుంటుంది, ఆరాకే నిజం చెబుతుంది.

నాన్న ఛాతీ 96 సెంటీమీటర్లు. షర్టు మీద వేసుకునేది కాబట్టి 8 కలిపితే 104. వీపుకి సగం, 52. 52 సెంటీమీటర్లకి 114 కుట్లు. చంక దాకా 38 సెంటీమీటర్లు, చంక నించి భుజానికి 24. చంక దగ్గర అటూ ఇటూ 8 కుట్లు మూసి (అంటే ఊడకుండా ముగించి), తర్వాత వరస విడిచి వరసకి అటొకటి ఇటొకటి చొప్పున ఆరుసార్లు తగ్గిస్తే 86 మిగులుతాయి. భుజానికి 24, భుజానికి 24, మెడకి 38. లెక్క సరిపోయింది. గృహప్రవేశం కార్డు వెనక రాసి ఫ్రిజ్‌కి అంటించాను. లక్ష్మీదేవి ముందు వైపు, నాన్న కొలతలు వెనక వైపు.

నవంబర్ 27

ఇవాళ అల్లిక లేదు. వణుకు తగ్గలేదు ఇంకా.

పిల్లులకి ఇల్లంతా తెరిచి మూడు రోజులైంది. పొద్దున స్నానానికి వెళ్తూ ఊలు ఉండ సోఫాలో వదిలేశాను. అయిదు నిమిషాలు. వచ్చేసరికి ఉండ హాల్లో, కొస కొరికేసి ఉంది. పక్కనే బెల్లం పెదాలు నాక్కుంటున్నాడు. కాటుక అజాపజా లేదు.

పిల్లులూ ఊలు ఉండలూ క్యాలెండర్ బొమ్మల్లో ముచ్చటగా ఉంటాయి. అసలు సంగతి వేరు. పిల్లి నాలుక మీద ముళ్ళన్నీ గొంతు వైపుకి వంగి ఉంటాయి, దారం ఒకసారి అంటుకుందంటే ఉమ్మెయ్యలేదు, లోపలికే పోతుంది. ఒక కొస నాలుక కిందో పొట్టలోనో చిక్కుకుని రెండో కొస పేగుల్లోకి జారితే, బొందు లాగిన లంగాలా పేగు ముడతలు పడిపోతుంది. తర్వాత దారం పేగుని కోస్తుంది. నోట్లోంచో వెనకనించో దారం వేలాడుతుంటే మనం లాగకూడదు, డాక్టరు దగ్గరికే పరుగెత్తాలి. ఇవన్నీ తెలిసే ఉండని సోఫాలో వదిలేశాను, చూశారా.

ముందు ఎంత పోయిందో తేల్చాలి. నిన్న రాత్రి ఉండ చుట్టాక తూచి పెట్టాను, 96 గ్రాములు. ఇవాళ 95. ఒక గ్రాము అంటే దగ్గర దగ్గర రెండున్నర మీటర్లు! బెల్లం నోరు తెరిచి నాలుక కింద టార్చి కొట్టి చూశాను. ఏమీ లేదు. కాటుక కోసం మంచాల కింద, వాషింగ్ మెషీన్ వెనక, అటక మీద. లేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే ఇద్దర్నీ తెచ్చెయ్యమన్నారు. ఒక పిల్లే కనపడ్డం లేదు, ఏం తేను?

వంటింట్లో నేల మీద కూచుండిపోయాను. అప్పుడు కనపడింది. కింది అరల అడుగున నేలకి ఆనించి ఒక పొడుగాటి పలక ఉంటుంది కదా, మాడ్యులర్ వాళ్ళు చీమలూ బొద్దింకలూ పోకుండా బిగిస్తారు. సింకు కింద మూల ఆ పలక బిగించనే లేదు, ఊరికే ఆనించి పెట్టారు. ఆ సందులోంచి ఆకుపచ్చ పోగు ఒకటి బయటికి వచ్చి ఉంది.

పలక లాగేశాను. సెల్లు టార్చి వెలుగులో రెండు పచ్చటి కళ్ళు, వడ్రంగి వదిలేసిన రంపప్పొట్టు, ఒక గుట్కా ప్యాకెట్, పొట్టలో పొదుపుకున్నట్టు ఊలు పోగు. మొత్తం బయటికి తీసి నేల మీద పరిచి, ఉండ కొసతో ఆనించి చూశాను. కొరికిన చోటు రెండు వైపులా పళ్ళ గాటు ఒకదానికొకటి సరిపోయింది. టేపు పెడితే 2 మీటర్ల 60. మధ్యలో ఎక్కడా తెగలేదు, ఇంకో ముక్క లేదు. అయినా సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పొట్ట నొక్కి చూసి, రెండు రోజులు తిండీ దొడ్డీ కనిపెట్టమన్నారు. ఇద్దరూ బాగానే తిన్నారు. బెల్లం పెదాలు నాక్కున్నది నా ప్లేట్లో ఉప్మా తిని.

ఇవాళ్టి నించి ఊలు ఉండ పాత స్టీలు టీ కెటిల్లో. కొస ముక్కులోంచి బయటికి లాగి, మూత బిగిస్తే చాలు. ఉండ లోపలే దొర్లుతుంది, దారం చక్కగా వస్తుంది, లేచి వెళ్ళేటప్పుడు కెటిలూ సూదులూ కలిపి బీరువాలో. అల్లేవాళ్ళకి గిన్నెలు ప్రత్యేకంగా అమ్ముతారు, ఒక పక్క దారానికి చీలికతో. మూత లేని ఆ గిన్నె మా ఇంట్లో పనికిరాదు.

డిసెంబర్ 10

వీపు అయింది. 131 గ్రాములు. రోజుకి తొమ్మిదీ పది వరసల కంటే సాగలేదు. ఆఫీసు నించి వచ్చి, వంట చేసి, అట్టపెట్టెల్లోంచి ఆ రోజుకి కావలసిన గరిటెలు వెతుక్కుని, అప్పుడు.

కొస కలిపేటప్పుడు ముడి వెయ్యడం మానేశాను. రెండు కొసల్నీ కాస్త పీచు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అరచేతిలో ఉమ్మి వేసుకుని గట్టిగా రుద్దితే వేడికి అతుక్కుపోతాయి. లాగినా రాదు. అసలైన ఊలుకే ఈ వేషం, యాక్రిలిక్‌కి కుదరదు. అత్తయ్యగారు చూస్తుండగా నీళ్ళతో చేస్తాను.

బాల్కనీకి స్టీలు జాలీ పడింది. బెల్లం పొద్దున్నే అక్కడ కూచుని పావురాల్ని చూసి పళ్ళు టకటకలాడిస్తున్నాడు. కాటుక ఇంకా సింకు కింద ఖాళీనే తన ఇల్లనుకుంటోంది. పలక బిగించలేదు. ముందు దానికి వేరే చోటు నచ్చాలి.

డిసెంబర్ 17

చలి పెరిగింది. పొద్దున 13 డిగ్రీలు. హైదరాబాదులో ఊలు అల్లడం ఎందుకని అడిగేవాళ్ళు ఈ రెండు వారాలూ నోరు మెదపరు.

ఎదురు భాగం సగంలో ఉండగా రాత్రి ప్రమాదం. అల్లుతూ అల్లుతూ కునుకు పట్టింది. ఒళ్ళో ఏదో కదిలినట్టయి కళ్ళు తెరిస్తే కాటుక. ఇన్నాళ్ళకి మొదటిసారి తనంతట తనే ఒళ్ళోకొచ్చింది. వచ్చింది సరే, వెళ్ళి సూది మొన మీదే చతికిలబడింది. సూది జారి కింద పడింది. నలభై కుట్లు గాల్లో.

యాక్రిలిక్ అయితే ఆ పాటికి నాలుగైదు వరసలు కిందికి నిచ్చెనలు దిగిపోయేవి. పాత ఊలు గరుకు, పక్క పోగుని పట్టుకుని ఉంటుంది. నలభైలో జారినవి మూడే. అందులో ఒకటి మాత్రం ఏడు వరసలు దిగింది. పిల్లిని లేపబుద్ధి కాలేదు. ఒక చెయ్యి దాని కింద ఉండగా, రెండో చేత్తో బల్ల సొరుగులోంచి అమ్మమ్మ క్రోషా సూది తీశాను. జారిన కుట్టులోకి కొక్కెం దూర్చి, నిచ్చెన మెట్టులా ఉన్న పై పోగుని పట్టుకుని కుట్టులోంచి లాగడం. ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఏడు మెట్లు. లేసు సూది సన్నం కాబట్టి రెండు చోట్ల పోగు చీలింది, మళ్ళీ దింపి ఎక్కించాను. ముప్పావుగంట.

ఇక నించి ప్రతి ఇరవై వరసలకీ ఒకసారి, సూది మీదున్న కుట్లన్నిట్లోంచీ తెల్ల నూలుదారం దూర్చి వదిలేస్తున్నాను. ఎంత జారినా ఆ దారం దగ్గర ఆగుతుంది.

జనవరి 4

ఎదురు కూడా అయింది, 122 గ్రాములు. భుజానికి 8 సెంటీమీటర్లు ఉందనగా మెడ కోసం మధ్యలో 20 కుట్లు పక్కన ఉంచి, అటూ ఇటూ తొమ్మిదేసి తగ్గించాను. ఒక భుజం కలిపి, మెడ చుట్టూ 106 కుట్లు ఎత్తి, 10 నంబరు సూదితో పట్టీ అల్లి మూసేశాను. తర్వాత రెండో భుజం కలిపాను. చంకల పట్టీలు కూడా అయితే అయిపోయినట్టే.

రంగు విషయం ఒకటి. పాత స్వెట్టర్లో ఛాతీ మీది ఊలు ఎండకి వెలిసి, పక్కలది ముదురుగా ఉంది. ఉండలు కలిపి అల్లకుండా ఎలా వస్తే అలా వాడేశాను. ఇప్పుడు వీపు మీద అడ్డంగా లేతదో పట్టీ, ముదురుదో పట్టీ కనపడుతోంది. రెండు ఉండలు పెట్టుకుని రెండేసి వరసలు మార్చి మార్చి అల్లి ఉంటే కలిసిపోయేది. తెలిసీ బద్ధకించాను.

భోగి ముందు రోజు

ఊరంతా ఆంధ్రాకి పోతుంటే మావాళ్ళు ఎదురొచ్చారు. లింగంపల్లిలో దిగారు, బోగీ సగం ఖాళీ అట. నాన్న ఇల్లంతా తిరిగి, గోడలు వేలితో కొట్టి చూసి, కుళాయిలన్నీ తిప్పి, బాత్రూంలో చెమ్మ మచ్చ దగ్గర ఆగి "ఊఁ" అన్నారు. బిల్డరు వాళ్ళు బాగు చేస్తామంటూనే ఉన్నారు నాన్నా అన్నాను.

స్వెట్టరు తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పోగు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశారు. "కలరా ఉండల వాసన రావట్లేదే" అన్నారు. తర్వాత తలకి తగిలించుకున్నారు.

చెవుల దగ్గర ఆగిపోయింది.

కిందికి లాగితే రాదు, పైకి లాగితే కళ్ళజోడు పట్టుకుంది. ఆకుపచ్చ గొట్టంలోంచి నాన్న గొంతు: "అమ్మాయ్, ఇది ఇంకా ముందుకెళ్తుందా?" బెల్లం సోఫా కిందికి పారిపోయాడు. మా ఆయన ఫొటో తీశాడు. అమ్మ లేచొచ్చి, చెవి ఒక్కొక్కటీ మడిచి, తల బయటికి లాగింది.

ఆ తర్వాత స్వెట్టర్ని తిరగేసి లైటు కిందికి పట్టుకెళ్ళింది. ఎడమ పక్క ఏడు వరసల నిచ్చెన దగ్గర వేలు ఆగింది. "ఇక్కడేమైంది?" చెప్పాను. లేత పట్టీ దగ్గర ఆగింది. చెప్పకముందే "బద్ధకం" అంది. మెడ దగ్గరికొచ్చి పట్టీని రెండు బొటనవేళ్ళతో సాగదీసింది. అది సాగలేదు.

"ఏ సూదితో మూశావు?"

"పది నంబరుతోనే."

"మూసేటప్పుడు పెద్ద సూది తీసుకోవాలని తెలీదుటే? అల్లిన సూదితోనే మూస్తే బిగుసుకోదూ? 7 నంబరు సూది ఉందా నీ దగ్గర?"

ఉంది. ఇచ్చాను. అమ్మకి మూడేళ్ళుగా వేళ్ళ కణుపులు వాచి అల్లడం మానేసింది. నేను విప్పుతా ఉండు అనేలోపే మూసిన అంచు పీకేసింది. "వేడినీళ్ళు పట్రా" అంది. వేళ్ళు పది నిమిషాలు వేడినీళ్ళలో ముంచి, తుడుచుకుని, 106 కుట్లూ వదులుగా మూసింది. మధ్యలో నాలుగుసార్లు ఆగింది. మూడోసారి ఆగినప్పుడు కాటుక వచ్చి ఆవిడ పాదాల మీద పడుకుంది. అమ్మకి పిల్లులంటే పడదు. "ఏయ్, లే" అంది గానీ కాళ్ళు తియ్యలేదు.

నాన్న మళ్ళీ తొడుక్కున్నారు. దిగింది. పొట్ట దగ్గర సరిపోయింది, పొడుగు సరిపోయింది, కుడి చంక పట్టీ కాస్త లేచింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు తాగుతూ, కార్డు వెనక లెక్కలు చూసి, "నా ఛాతీ 96 ఏంటి, నూటికి పైన ఉంటుందే" అన్నారు.

"ఉండేది," అంది అమ్మ.

స్వెట్టరు మొత్తం 287 గ్రాములు, పట్టీలతో సహా. కొరికిన పోగులూ తెగిన ముక్కలూ 5 పోగా మిగిలింది 99. అత్తయ్యగారు ఆ దూదిలాంటి మోచేతి ముక్కల్ని రేపు భోగి మంటలో వేసెయ్యమన్నారు. ఊలు సరిగ్గా మండదని చెప్పాను. కంపు ఎలా ఉంటుందో మా ఆయన చెప్పాడు. ప్రస్తుతానికి అవి సింకు కింద, పలక వెనక, కాటుక పెట్టెలో పక్కబట్టగా ఉన్నాయి. పోగులు ఊడకుండా పాత దిండుగలేబులో పెట్టి చుట్టూ కుట్టేశాను.

99 గ్రాములకి ఏమొస్తుందని అమ్మ ఇందాకే అడిగింది. కోతిటోపీకి 80 చాలట.